ఉప్పునీటి బోటు ట్రైలర్‌కి డిస్కు బ్రేకులు, కరెంటు పంపు: చాన్నాళ్లు వాడాక

కొండ దిగేటప్పుడు ట్రైలర్ చక్రాల దగ్గర కమురు వాసన రావడం మానేసింది. నాకు ఇంతకన్నా పెద్ద సుఖం లేదు, ఈ సమీక్ష రాస్తున్నదీ దాని కోసమే.

నాది రెండు ఇరుసుల ట్రైలర్. బోటు ఎప్పుడూ సముద్రంలోకే దిగుతుంది. పాత డ్రమ్ము బ్రేకుల్లో స్ప్రింగులు తుప్పుకి తెగిపోతుంటే విసిగి స్టెయిన్‌లెస్ డిస్కు బ్రేకులు వేయించాను. డ్రమ్ములోకి వెళ్లిన ఉప్పునీరు, ఇసుక అక్కడే కూర్చుంటాయి. డిస్కునైతే మంచినీళ్ల పైపు పట్టి బయటినుంచే కడిగేయొచ్చు. బండి ఆగడం కూడా మెరుగైంది. ఆ కొత్తలో అడిగినవాళ్లందరికీ డిస్కులే వేయించుకోమని గట్టిగా చెప్పాను. ఇప్పుడూ చెబుతాను గానీ, నా అసలు బాధ తీరింది ముందున్న కప్లర్ (ట్రైలర్‌ని బండికి తగిలించే భాగం) మార్చాకే.

పాతది సర్జ్ కప్లర్. బండి నెమ్మదిస్తే ట్రైలర్ వెనకనుంచి తోస్తుంది, ఆ తోపుకి కప్లర్ లోపలికి జరిగి, బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్‌ని నొక్కుతుంది. వైరింగు గొడవ లేదు, చదును రోడ్డు మీద హాయిగా పనిచేస్తుంది. చిక్కంతా పల్లంలోనే. చిన్న గేరు వేసి ఇంజన్‌తోనే బండిని పట్టి ఉంచుతామా, ట్రైలర్ మాత్రం తోస్తూనే ఉంటుంది. మన కాలు పెడల్ మీద లేకపోయినా దాని బ్రేకులు పట్టుకునే ఉంటాయి, దిగినంతసేపూ.

ఒకసారి అలాంటి పొడవాటి దిగుడులో అద్దంలో పలచగా పొగ కనిపించింది. పక్కకి తీసి చూస్తే చక్రం మధ్యలో బేరింగులుండే హబ్బు మీద చెయ్యి ఆనడం లేదు. చల్లారాక జాకీ ఎత్తి తిప్పాను, చక్రం బిగుసుకుని ఉంది. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ మీద గాలి తీసే నట్టు కాస్త వదులు చేస్తే ఆయిల్ చిమ్మి, చక్రం వెంటనే తేలిగ్గా తిరిగింది. అంటే లైన్లో ఒత్తిడి దిగకుండా నిలిచిపోయింది. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్‌లో కొద్దిపాటి ఒత్తిడిని పట్టి ఉంచే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. డ్రమ్ముకి లోపలినుంచి ఒరుసుకునే షూలని వెనక్కి లాగే స్ప్రింగులున్నాయి కాబట్టి పరవాలేదు. డిస్కు ప్యాడ్లకి అవి లేవు, ఆ కాస్త ఒత్తిడికే రాసుకుంటూ ఉంటాయి. డిస్కులు బిగించిన వర్క్‌షాపు వాళ్లు ఆ వాల్వు తీయకుండానే బండి అప్పగించారు. నా కోపం ఇంకా చల్లారలేదు. ఎందుకంటే అంత వేడి హబ్బుని నేరుగా నీళ్లలో దింపితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీలు పక్కనుంచి ఉప్పునీటిని బేరింగులోకి పీల్చుకుంటుంది. అంతకుముందు గ్రీజు మజ్జిగలా తెల్లబడి బేరింగులు పోవడానికి కారణం అప్పుడు తెలిసింది.

వాల్వు తీయించాక రాపిడి పోయింది, పల్లంలో వేడి మాత్రం పూర్తిగా పోలేదు. అప్పుడు ఎలక్ట్రిక్ హైడ్రాలిక్ యాక్చుయేటర్ పెట్టించాను. బండిలోని కంట్రోలర్ చెబితేనే ట్రైలర్ మీదున్న పంపు ఒత్తిడి పెంచుతుంది. ఇంజన్‌తో దిగుతున్నంతసేపు ట్రైలర్ బ్రేకులు ఊరికే ఉంటాయి, నేను పెడల్ తొక్కినప్పుడే పడతాయి. దిగాక హబ్బు తాకి చూస్తే గోరువెచ్చగా ఉంటుంది, ప్రతిసారీ మనసు కుదుటపడుతుంది. ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలెడితే కంట్రోలర్ మీది మీట నొక్కి దాని బ్రేకులొక్కటే వేయొచ్చు. ఎత్తులోకి రివర్స్ చేస్తే సర్జ్ కప్లర్ బ్రేకులు పట్టేస్తుంది, దాన్ని ఆపడానికి రివర్స్ లైటు వైరుతో పనిచేసే సోలెనాయిడ్ (కరెంటుతో మూసుకునే వాల్వు) కావాలి. ఇప్పుడు ఆ బెడద కూడా లేదు. కొనేటప్పుడు ఒక్క అంకె చూసుకోండి: డిస్కులకి 1600 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) ఇచ్చేది కావాలి, డ్రమ్ములకి అమ్మే 1000 పీఎస్‌ఐది చాలదు.

డిస్కుల గురించి ముందు చెప్పినదాన్ని కొంచెం తగ్గించుకోవాలి. డిస్కుకి తుప్పు పట్టలేదు గానీ కాలిపర్ జరిగే పిన్నులు బిగుసుకుంటున్నాయి. విప్పి గ్రీజు పెడుతూనే ఉండాలి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, దాన్నీ మార్చాలి. ఇక కరెంటు పంపుకి కరెంటే బలహీనత. 7 పిన్నుల ప్లగ్గులో పచ్చటి చిలుము పట్టిందంటే ట్రైలర్‌కి బ్రేకులే లేనట్టు. సర్జ్ కప్లర్‌కి ఈ భయం ఉండేది కాదు. బయల్దేరే ముందు ప్లగ్గు చూసి, ట్రైలర్ ఊడిపోతే దానంతట అదే బ్రేకులు వేయించే బ్రేక్‌అవే పిన్ను లాగి, దాని బ్యాటరీలో చార్జింగ్ ఉందో లేదో చూడనిదే నేను కదలను. పంపు ఒత్తిడి ఎక్కించడానికి రెప్పపాటు ఆలస్యం కూడా ఉంది, ట్రాఫిక్‌లో తెలుస్తుంది.

నాకు కొండలున్నాయి, ఉప్పునీరుంది, లాగే బండి ఎప్పుడూ ఒకటే. అందుకే సరిపోయింది. రకరకాల బండ్లతో లాగేవాళ్లయితే ప్రతి బండిలోనూ కంట్రోలర్ ఉండాలి, వాళ్లకి సర్జ్ కప్లరే సుఖం. చిన్న బోటు, మంచినీటి చెరువు, చదును దారి అయితే బాగున్న డ్రమ్ముల్ని కదిలించక్కర్లేదు. డిస్కులు మాత్రమే వేయించుకుంటుంటే, డబ్బు కట్టే ముందు కప్లర్‌ని ఒకసారి నొక్కి వదిలి, చక్రం ఎత్తించి చేత్తో తిప్పి చూడండి.