షెల్బీల ఊరు వెతుక్కుంటూ: ఏ రోజు ఎక్కడ గడపాలి?

'పీకీ బ్లైండర్స్' అనేది షెల్బీ అనే ముఠా కుటుంబం చుట్టూ నడిచే బ్రిటిష్ టీవీ సీరియల్. 1919లో మొదలయ్యే ఆ కథ ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరంలో ఉన్న స్మాల్ హీత్ పేటది. షూటింగ్ మాత్రం చాలావరకు వేరే ఊళ్లలో జరిగింది. 1919 నాటి ఇళ్లలో కొన్ని రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు పోయాయి, మిగిలినవాటిని మురికివాడల తొలగింపులో కూల్చేశారు. కాబట్టి సీరియల్‌లో షెల్బీలుండే వాటరీ లేన్ వీధి కోసం స్మాల్ హీత్‌లో తిరిగితే కాళ్ల నొప్పులే మిగులుతాయి.

ఒక్క రోజే ఉంటే అది డడ్లీలోని బ్లాక్ కంట్రీ లివింగ్ మ్యూజియంకే. సీరియల్‌లో చార్లీ స్ట్రాంగ్ అనే పాత్ర యార్డుగా చూపించిన పడవల రేవు ఇదే. మొత్తం 26 ఎకరాలు, పైకప్పు లేని మ్యూజియం. వాన పడితే సగం మజా పోతుంది. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి లోకల్ రైల్లో టిప్టన్‌లో దిగి, సుమారు మైలు నడవాలి. చాలామంది పేరు చూసి 'శాండ్‌వెల్ అండ్ డడ్లీ' స్టేషన్‌లో దిగిపోతారు. అది ఓల్డ్‌బరీ వైపు ఉంది, అక్కణ్ణుంచి మళ్లీ బస్సో టాక్సీనో పట్టుకోవాలి. చలికాలంలో వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, తేదీ చూసుకునే బయల్దేరాలి. దారులు రాళ్లూ ఇటుకలూ పరిచినవి, పిల్లల బండి తోయడం కష్టం.

తిండి దగ్గర ఒక జాగ్రత్త. లోపల 1930ల నాటి ఫిష్ అండ్ చిప్స్ కొట్టుకు మంచి పేరుంది, కానీ వేయించేది గొడ్డు కొవ్వులో. చేప మానేసి ఉత్త చిప్స్ తీసుకున్నా అదే మూకుడు. శాకాహారులకు డబ్బా కట్టుకెళ్లడమే నయం. టివిడేల్‌లోని బాలాజీ గుడి (2006లో ప్రారంభమైంది) ఇక్కడికి కారులో కొద్ది నిమిషాలే. తెలుగువాళ్లు రెండూ ఒకే రోజు పెట్టుకోవచ్చు.

సీరియల్ వెనకున్న అసలు చరిత్ర కావాలంటే బర్మింగ్‌హామ్‌లో ఒక పూట చాలు. స్టీల్‌హౌస్ లేన్‌లోని పాత లాకప్ 1891 నాటి కట్టడం. 2022 నుంచి పోలీసు మ్యూజియం. పీకీ బ్లైండర్స్ పేరున్న అసలు ముఠా కుర్రాళ్ల అరెస్టు ఫొటోలు అక్కడున్నాయి. వాళ్ల కాలం 1890లు, అంటే సీరియల్ హీరో టామీ షెల్బీకి ముప్పై ఏళ్ల ముందు. 1890 మార్చిలో పత్రికకెక్కిన ఆ ముఠా గొడవ కూడా పబ్‌లో జింజర్ బీర్ (మద్యం లేని అల్లం పానీయం) అడిగిన మనిషిని కొట్టడంతోనే మొదలైంది! హర్స్ట్ స్ట్రీట్‌లోని బ్యాక్ టు బ్యాక్స్ (వీపుకు వీపు ఆనించి కట్టిన పాతకాలపు కార్మికుల ఇళ్లు) గైడ్‌తోనే, ముందే బుక్ చేసుకుంటేనే చూపిస్తారు. మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పై అంతస్తులు కుదరవు. సీరియల్‌లోలాంటి టోపీలు పెట్టుకున్న గైడ్ల నడక టూర్లు చరిత్రకైతే సరే, సీన్లు తీసిన చోట్లు చూపిస్తారనుకుంటే నిరాశే.

టామీ బంగళా ఆరో హౌస్ చెషైర్‌లోని ఆర్లీ హాల్. కారు లేకపోతే వదిలేయండి. తోటలు వసంతం నుంచి శరత్తు దాకా తెరుస్తారు, భవనం మాత్రం కొద్ది రోజులే. ఈ తేడా చూసుకోకుండా వెళ్లినవాళ్లు గులాబీలు చూసి వెనక్కొస్తారు.

వాటరీ లేన్‌గా కనిపించిన పౌయిస్ స్ట్రీట్ లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్‌లో ఉంది. షూటింగ్ నాటికి ఖాళీగా పడున్న ఇళ్లు ఇప్పుడు బాగుచేశారు, జనం కాపురముంటున్నారు. మసీ పొగా లేవు. పది నిమిషాల పని. దీనికోసమే లివర్‌పూల్ దాకా వెళ్లక్కర్లేదు. వెళ్తే, పక్కనున్న మాడ్రిన్ స్ట్రీట్‌లో రింగో స్టార్ పుట్టిన ఇల్లూ చూడొచ్చు.

బసకు న్యూ స్ట్రీట్ చుట్టుపక్కలే మేలు, పొద్దున్నే రైలు అందుతుంది. బ్రాడ్ స్ట్రీట్ వైపు శుక్ర, శనివారాలు అర్ధరాత్రి దాటినా గోల. ఎన్ఈసీ అనే ప్రదర్శనల కేంద్రంలో పెద్ద ప్రదర్శనలున్న రోజుల్లో గదుల ధరలు ఒక్కసారిగా ఎగుస్తాయి. ముఖ్యంగా మార్చిలో జరిగే క్రఫ్ట్స్ కుక్కల పోటీ వారం. స్నేహితుల పాత డీజిల్ కారు అడిగి తెచ్చుకుంటే, నగరం నడిబొడ్డున క్లీన్ ఎయిర్ జోన్ (పొగ ఎక్కువ వదిలే పాత బండ్లకు రుసుము వేసే ప్రాంతం) రుసుము రోజుకు 8 పౌండ్లు. గేటూ ఉండదు, రసీదూ ఉండదు. ఆన్‌లైన్‌లో మనమే కట్టాలి, మరిచిపోతే జరిమానా కాగితం కారు ఎవరిదో వాళ్లింటికి వస్తుంది.