హన్మకొండ సెలూన్లలో మగవాళ్ల ఐబ్రో త్రెడ్డింగ్: చేయి చురుకే, కొలతే తప్పు

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ సెలూన్‌లో కూర్చున్నా, గడ్డం సెట్ చేశాక "అన్నా, ఐబ్రో గూడ షేప్ జేయమంటవా?" అని అడుగుతున్నారు. పెళ్లి ముహూర్తాలు దగ్గరపడితే మరీ. పావుగంట కూడా పట్టదు, చేతులు చురుకే. వచ్చే చిక్కంతా షేప్‌తోనే.

ఆడవాళ్లకు కనుబొమ్మ కంటిగూటి బొమికె మీదికి లేచి, బయటివైపు విల్లులా వంగుతుంది. మగవాళ్లకు సాధారణంగా ఆ బొమికె అంచు మీదే, ఇంచుమించు అడ్డంగా, కంటికి దగ్గరగా ఉంటుంది. చూపుకు బరువు తెచ్చేది ఆ దగ్గరతనమే. త్రెడ్డింగ్ అంటే దారంతో వెంట్రుకలు లాగడమే, దాంతో కనుబొమ్మను పైకి జరపలేం. కానీ కింది అంచున రెండు వరసలు లాగారంటే కంటికీ బొమ్మకూ నడుమ ఖాళీ పెరిగి, పైకి పోయినట్టే కనిపిస్తుంది. మనిషి పొద్దస్తమానం దేనికో ఉలిక్కిపడ్డట్టు ఉంటాడు. చాలాచోట్ల దారం మొదలయ్యేదే ఆ కింది అంచు నుంచి!

ఇంకో తప్పు కుర్చీతో. వెనక్కి వాల్చి, కళ్లు మూయించి, రెప్ప పైచర్మాన్ని బిగలాగితే బొమ్మ అసలు చోట ఉండదు. నిటారుగా కూర్చొని, కళ్లు తెరిచి, నుదురు వదులుగా ఉన్నప్పుడే పెన్సిల్ గుర్తు పెట్టించుకోవాలి. ముక్కు రెక్క పక్కన దువ్వెన నిలువుగా ఆనిస్తే బొమ్మ మొదలు తెలుస్తుంది. అక్కడి నుంచే కంటి బయటిమూల మీదుగా వాలిస్తే తోక ఆగే చోటు. రెండు బొమ్మల మొదళ్ల దగ్గరి గుర్తుల నడుమ, ముక్కు పైన ఉన్న వెంట్రుకలు తీస్తే చాలు, ఇంకా బొమ్మల్లోకి పోతే ముక్కు వెడల్పుగా కనిపిస్తుంది. పొడుగైనవి బ్రష్‌తో పైకి దువ్వి, పై అంచు దాటినంత మేరకే చిన్న కత్తెరతో కోయాలి. గార్డు లేని ట్రిమ్మర్ వద్దే వద్దు, చేయి జారితే నున్నటి చార మిగులుతుంది.

దారం కొసను నోట కరిచి లాగేవాళ్లు ఇంకా ఉన్నారు. మెడకు కట్టుకుని లాగేవాళ్లే నయం. రీల్ నుంచి కొత్త దారం తెంపమని అడగడానికి మొహమాటపడొద్దు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతుంటే చర్మం పలచబడి తేలిగ్గా గీరుకుపోతుంది, డాక్టర్‌ను అడగకుండా కూర్చోవద్దు. అయ్యాక ఐస్ ముక్కో కలబందో చాలు, కంటి దగ్గర ఆఫ్టర్‌షేవ్ కొట్టనివ్వొద్దు.

కుర్చీ ఎక్కకముందే ఒక్క మాట చెప్పాలి: "తమ్మీ, కింద ముట్టకు. నడుమ సాఫ్ జేసి, మీద పొడుగైనయి కొయ్యి." ఇంతవరకైతే ఇక్కడి పని ఇచ్చిన డబ్బుకు న్యాయంగానే ఉంటుంది. మొదటిసారైతే పెళ్లి వారంలో చేయించొద్దు. పోయిన కింది వరస నిండడానికి నెలలు పడుతుంది. అంతలో ఒకటి ఎత్తుగా ఉందని రెండోదాన్ని జోడీకి తెమ్మంటే, పోయేది రెండోదాని కింది వరస కూడా.