రైలు ఎవరి చేతిలో ఉంటే మేలు? విశాఖ నుంచి ఒక లెక్క

మా తమ్ముడు సికింద్రాబాద్ నుంచి వందే భారత్‌లో వస్తాడు. అమ్మ ఊరికి వెళ్లాలంటే పలాస ప్యాసింజర్ ఎక్కుతుంది. రైల్వేను ప్రైవేటుకి ఇచ్చేస్తే బాగుపడుతుందని తమ్ముడు అన్నప్పుడల్లా నాకు అమ్మ ఎక్కే రైలే గుర్తొస్తుంది. ఆ రైలును ఏ కంపెనీ నడుపుతుంది?

తమ్ముడు మొదట చెప్పేది బ్రిటన్ పేరు. 1990లలో అక్కడ పట్టాలు ఒక కంపెనీకి, రైళ్లు నడిపే పని వేరే కంపెనీలకు ఇచ్చారు. ఆ తర్వాత ప్రయాణికులు రెట్టింపుకు పైగా పెరిగిన మాట నిజమే, కాదనను. కానీ 2000 అక్టోబరులో హాట్‌ఫీల్డ్ దగ్గర పట్టా ముక్కలై రైలు పడిపోయింది, నలుగురు చనిపోయారు. ఆ పట్టా పగిలిందని ముందే తెలుసు. మార్చడానికి కొత్త పట్టా తెచ్చి పక్కనే పెట్టారు కూడా. పట్టాల కంపెనీకీ మరమ్మతుల కాంట్రాక్టర్లకీ మధ్య పని అలా ఉండిపోయింది. మరుసటి ఏడాదే ఆ కంపెనీ, రైల్‌ట్రాక్, కుప్పకూలింది. 2024లో చట్టం చేసి, రైళ్లు నడిపే పనిని ఒక్కో కంపెనీ నుంచి ప్రభుత్వమే వెనక్కి తీసుకుంటోంది.

2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ను రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి ఢీకొట్టినప్పుడు, మా వీధిలో ప్రతి ఇంట్లో ఫోన్లు మోగాయి. ఆ టెన్షన్ చూసినవాళ్లెవరూ పట్టా ఒకరిది, రైలు మరొకరిది అన్న పద్ధతిని కోరుకోరు. జవాబు చెప్పేవాళ్లు ఒక్కరే ఉండాలి.

జపాన్ దారి వేరు. 1987 ఏప్రిల్ 1న జాతీయ రైల్వేను ప్రాంతాల వారీగా ఆరు ప్రయాణికుల కంపెనీలుగా, ఒక సరుకు రవాణా కంపెనీగా విడదీశారు. పట్టాలు, స్టేషన్లు, రైళ్లు అన్నీ ఆ ప్రాంతపు కంపెనీవే. ఇది నాకు నచ్చిన పద్ధతి. టోక్యో, ఒసాకా వైపు కంపెనీలు బాగా నిలబడ్డాయి. జనం పలచగా ఉండే ఉత్తరపు దీవి హొక్కైడోలో మాత్రం నష్టాలు తప్పలేదు, లైన్లు మూతపడ్డాయి.

అదే కోత ఇక్కడ కోస్తే? జపాన్‌లో రైల్వేకు డబ్బు తెచ్చేది ప్రయాణికులు, మన దగ్గర సరుకు. ప్రయాణ ఖర్చులో 57 శాతమే వసూలవుతోందని ఒకప్పుడు టికెట్ మీదే అచ్చు వేసేవారు. మిగతాది బొగ్గు, ఇనుప ఖనిజం మోసి పూడ్చుకుంటున్నారు. విశాఖ వైపు నుంచి ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లే కిరండూల్ లైన్ వేసిందే బైలడిల్లా ఖనిజం పోర్టుకు దింపడానికి. ఆ లైన్ ఉంది కాబట్టే అరకు, బొర్రా వాళ్లకు ప్యాసింజర్ ఉంది. సరుకును విడదీస్తే ముందు ఆగేది ఆ రైలే.

మన దేశంలో 2020లో 151 ప్రైవేటు రైళ్లకు టెండర్లు పిలిచారు. కంపెనీలు పెద్దగా ముందుకు రాలేదు, ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది.

కాబట్టి నా లెక్కలో మేలైనది ఇది: ఆస్తి ప్రభుత్వానిదే, పట్టా రైలు ఒకే చేతిలో, నిర్ణయం మాత్రం ప్రాంతానిది. జపాన్ నుంచి తీసుకోవాల్సింది ఈ చివరి ముక్కే. విశాఖ ఉన్న వాల్తేరు డివిజన్ ఇన్నేళ్లూ నిర్ణయాల కోసం భువనేశ్వర్‌లోని జోన్ ఆఫీసు వైపు చూసింది. చెన్నై, హౌరా మధ్య రైళ్లు విశాఖకు వస్తే ఇంజన్ ఇటు నుంచి అటు మార్చాలి. ఆ ఆలస్యం ఎందుకని కొన్ని రైళ్లను విశాఖ స్టేషన్‌కు రానీయకుండా ఊరి చివరి దువ్వాడ మీదుగా పంపేస్తారు. రాత్రిపూట సామానుతో, పిల్లలతో దువ్వాడ వెళ్లి రైలెక్కడం ఎంత కష్టమో ఈ ఊళ్లో ఉండేవాళ్లకు తెలుస్తుంది.

విశాఖ కేంద్రంగా 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆ భవనంలో కూర్చునే అధికారికి ఏ రైలుకు ఎన్ని జనరల్ బోగీలు వేయాలి, పలాసకు సాయంత్రం ఇంకో మెమూ నడపాలా అన్నవి ఢిల్లీని అడగకుండా తేల్చే అధికారం ఇవ్వాలి. తమ్ముడికి ఎక్కడానికి రైలుంది. అమ్మ ఇప్పటికీ తలుపు దగ్గర నిలబడే వెళ్తోంది.