అకాయ్ మొక్కలు కొనబోతున్నారా? ముందు ఆకు చూడండి

మా కొబ్బరితోటలో కోకో అంతరపంటగా బాగానే వస్తోంది. అదీ అమెరికా ఖండం పంటే కదా, ఇంకొకటి ఎందుకు రాదనుకుని రెండేళ్ల కిందట ఒక నర్సరీలో 40 అకాయ్ మొక్కలు కొన్నాను. అకాయ్ అంటే అమెజాన్ ప్రాంతపు తాటిజాతి చెట్టు, పండు గుజ్జు కోసం పెంచుతారు. మొక్క 450 చొప్పున 18,000 రూపాయలు. కాయంతా మేమే కొంటామని కూడా చెప్పారు.

మొన్న మా బావమరిది తోటలోకి వస్తూనే, "ఏంటి బావా, పెళ్లి మండపాల్లో పెట్టే మొక్కలు ఇన్ని వేశావు?" అన్నాడు. దగ్గరికెళ్లి ఒక్కో మొక్కా చూశాను. వాడు చెప్పింది నిజం. 40కి 40 అరెకా పామే! కుండీల్లో అందానికి పెంచే మొక్క. దాని పుట్టిల్లు మడగాస్కర్, అమెజాన్ కాదు. రెండేళ్లు నీళ్లు పెట్టి, ఎరువు వేసి పెంచాను. డబ్బు కంటే ఆ రెండేళ్లే బాధగా ఉంది.

మోసపోవడం తేలిక. రెండూ గుబురుగా పిలకలు వేస్తాయి, రెండింటి కాండానికీ కణుపుల గీతలుంటాయి. తేడా ఆకులో తెలుస్తుంది. అరెకా ఆకు కాడ పసుపు రంగు, ఈనెకి రెండు పక్కలా రెబ్బలు పైకి లేచి ఉంటాయి, నిలువుగా విప్పిన పుస్తకంలా. అకాయ్ రెబ్బలు సన్నగా, కిందికి వేలాడతాయి. గింజ చూపించమనండి. అకాయ్ గింజ గుండ్రంగా, చుట్టూ పీచుతో ఉంటుంది. అరెకా గింజ కోలగా, ఒక కొస మొనదేలి ఉంటుంది.

ఆన్‌లైన్లో గింజలు తెప్పించుకుందామనుకుంటే అక్కడా జాగ్రత్త. నేను అదీ చేశాను. 20 గింజల ప్యాకెట్ ఊపితే గలగలమంది. ఒక్కటీ మొలవలేదు. ఈ గింజ వడ్ల లాంటిది కాదు, తడి ఆరితే చచ్చిపోతుంది. పండు నుంచి తీసిన వెంటనే తడి కొబ్బరిపొట్టులో పెట్టి పంపితేనే నెలా రెండు నెలల్లో మొలక వస్తుంది. బ్రెజిల్ నుంచి తెచ్చామంటే ఇంపోర్ట్ పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (చీడపీడలు లేవని పంపే దేశం ఇచ్చే పత్రం) చూపించమని అడగండి. మొక్కలు, గింజల దిగుమతిపై మన దేశంలో ఉన్న 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ఆ రెండూ ఉండాలి. నేను అడగలేదు, అదే నా తప్పు.

'కాయ మేమే కొంటాం' అనే మాట నమ్మకండి. అమెజాన్ ముఖద్వారంలో ఈ పండు కోసిన రాత్రే పడవెక్కి, తెల్లవారకముందే బ్రెజిల్‌లోని బెలేం ఊళ్లోని వేర్-ఒ-పేజు బజారుకి బుట్టల్లో చేరుతుంది. అంత తొందరెందుకంటే, కోసిన ఒకటి రెండు రోజుల్లోనే పాడవుతుంది. పైగా పండులో చాలా భాగం గింజే, గుజ్జు పైన పలచగా ఉంటుంది. దగ్గర్లో గుజ్జు తీసే యంత్రం, ఫ్రీజరు లేనివాడు మీ కాయ ఏం చేసుకుంటాడు? ఆ యూనిట్ ఎక్కడుందో చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఈ చెట్టు వరద నేలల్లో పుట్టింది. నీటి వసతి లేని మెట్ట పొలంలో మన రోహిణి కార్తె ఎండకి నిలబడదు.

అదే నర్సరీ ఇప్పుడు 'ముళ్లు లేని పీచ్ పామ్' అని కూడా అమ్ముతోందని విన్నాను. అదీ అమెరికా ఖండపు తాటిజాతి పండ్ల చెట్టే. అసలు పీచ్ పామ్ కాండానికి మామూలుగా నల్లటి ముళ్లుంటాయి. ముళ్లు లేని రకాలూ నిజంగానే ఉన్నాయి, కాబట్టి తల్లి చెట్టు ఎక్కడుందో అడగండి. దాని కాయ పచ్చిది తినకూడదు, నోరు దురద పెడుతుంది. ఉప్పునీళ్లలో బాగా ఉడకబెట్టే తింటారు.

కొనేముందు ఆకు ఈనె, కాడ దగ్గర్నుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. నా తోటలో ఉన్నవాటితో పోల్చి చూసి చెబుతాను.