వడగళ్ల సొట్టలు, ఇన్సూరెన్స్ క్లెయిము: ఏళ్ల వాడకం తర్వాత రిపేరు ఎలా నిలిచింది

ఒకే కారు, ఒకే వడగళ్ల వాన, ఒకే క్లెయిము. రిపేరు మాత్రం రెండు రకాలు. రూఫు, బానెట్టు, డిక్కీ డోరు మీది సొట్టల్ని రంగు చెడకుండా లోపలి నుంచి రాడ్లతో నెట్టి తీశారు. దీన్ని పీడీఆర్ అంటారు, కొన్నిచోట్ల డ్రై డెంటింగ్ అని బోర్డు పెడతారు. ఎడమ ఫెండరు, దాని పక్క డోరు మామూలు టింకరింగే: సుత్తి, పుట్టీ, రంగు. ఏళ్ల తరబడి తెలంగాణ ఎండలో నిలబడ్డాక మొదటి రకానికి అయిదుకు నాలుగున్నర మార్కులు, రెండోదానికి రెండున్నర. ఏ ప్యానెలుకు ఏ రిపేరో బీమా కంపెనీ పంపే సర్వేయరు కాగితం రాసిన రోజే తేలిపోతుంది గనక ముందు ఆ సంగతులు.

ఎదుటివాళ్ల నష్టానికే పనికొచ్చే థర్డ్ పార్టీ పాలసీతో వడగళ్లకు పైసా రాదు. ఓన్ డ్యామేజ్, అంటే మన కారు నష్టానికి కవరు, ఉన్న ప్యాకేజీ పాలసీలో తుపాను, వరదలతో పాటు వడగళ్ల వాన పేరు విడిగా రాసి ఉంటుంది. 1500 సీసీ లోపు కారుకు ₹1,000, ఆపైన ₹2,000 మనం తప్పనిసరిగా భరించాలి. ఇంకొంత మనమే భరిస్తామని ఒప్పుకుని (వాలంటరీ డిడక్టిబుల్) ప్రీమియం తగ్గించుకున్నవాళ్లకు అదీ కలుస్తుంది. అన్ని ప్యానెళ్లూ ఒకేసారి చూపించాలి. రూఫు ఇప్పుడు, డోర్లు తర్వాత అంటే రెండు క్లెయిములై కోత రెండుసార్లు పడుతుంది.

అసలు దెబ్బ ఎన్‌సీబీ మీద, అంటే క్లెయిము లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ డిస్కౌంటు మీద. 50 శాతం దాకా చేరినవాళ్లు ఒక్క క్లెయిముతో సున్నాకు దిగి, మళ్లీ 20, 25, 35, 45 అంటూ ఎక్కాలి. ఆ ఐదు రెన్యువళ్లలో పోయేదంతా కలిపితే, డిస్కౌంటు తీయకముందు ఉండే ఓన్ డ్యామేజ్ ప్రీమియానికి 125 శాతం. ఆ ప్రీమియం ₹8,000 అయితే దాదాపు ₹10,000 అన్నమాట. ఏటా ఐడీవీ (పాలసీలో కారుకు కట్టే విలువ) తగ్గుతుంది కాబట్టి నిజానికి కాస్త తక్కువే. బానెట్టు మీద నాలుగైదు చిన్న సొట్టలకు క్లెయిము దండగ. రూఫు నిండా పడితే ఆలోచించక్కర్లేదు. క్లెయిము చేసినా ఆ డిస్కౌంటు పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ తీసుకున్నవాళ్లు దాని షరతులు ఒకసారి చదువుకుంటే చాలు.

మిట్టమధ్యాహ్నం ఎండలో సొట్టలు కనిపించవు, తెల్ల కారు మీద మరీను. కారు కడిగి నీడలోకి తెచ్చి, పొడుగాటి ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు ప్యానెలు పక్కన పట్టుకోండి. రేకులో కనిపించే ట్యూబు గీత ఎక్కడ వంకర పోతే అక్కడ సొట్ట ఉన్నట్టు. మైనపు పెన్సిలుతో ఒక్కోదాన్ని చుట్టి, ప్యానెలు వారీగా లెక్క రాసి, దగ్గరి నుంచి ఫోటో తీయాలి. దూరం ఫోటోలు యాప్‌లో ఎక్కిస్తే చాలా సొట్టలు ఎస్టిమేటులోకే రావు. రూఫు బీడింగులు, సైడ్ మిర్రర్ల కవర్లు, వైపర్ల కింది ప్లాస్టిక్, హెడ్‌లైట్ల మీద సన్నటి పగుళ్లు సర్వేయర్లూ మరిచిపోతుంటారు, మనమే చూపించాలి. సర్వే కాకముందు ఏదీ రిపేరు చేయించకూడదు. విప్పాక కొత్తవి బయటపడితే సప్లిమెంటరీ ఎస్టిమేటు పంపించి, ఆమోదం వచ్చాకే పని సాగనివ్వాలి.

సర్వీసు సెంటరు ఎస్టిమేటులో మామూలుగా ఉండేది ప్యానెలుకు ఇంత టింకరింగ్, ఇంత పెయింటింగ్. రూఫు బాగా దెబ్బతింటే ఏకంగా మార్చేద్దాం అంటారు. రేకు చిరగకపోతే ఒప్పుకోవద్దు. రూఫు బోల్టులు విప్పితే ఊడి వచ్చేది కాదు. స్పాట్ వెల్డింగులు తెంచాలి, ముందు వెనక అద్దాలు తీయాలి, కొత్త రేకు వెల్డ్ చేసి పక్క కాలువల్లో సీలెంటు మళ్లీ వేయాలి. ఫ్యాక్టరీలో వేసిన తుప్పు రక్షణ ఆ అంచుల్లో పోతుంది. సీలెంటు ఒక్కచోట తప్పినా వానాకాలం నీరు పిల్లరు వెంట దిగి కార్పెట్ కింద చేరుతుంది, వాసన వచ్చేదాకా తెలియదు. పీడీఆర్ కొటేషను, రూఫు మార్పిడి కొటేషను పక్కపక్కన పెడితే సర్వేయరు ఒప్పుకోవడానికి కారణం ఆ అంకెల్లోనే కనిపిస్తుంది.

చిక్కల్లా పీడీఆర్ చేసే మనిషి క్యాష్‌లెస్ నెట్‌వర్కులో, అంటే బీమా కంపెనీయే నేరుగా బిల్లు కట్టే వర్క్‌షాపుల్లో, లేకపోవడం. నెట్‌వర్కు వర్క్‌షాపే అతన్ని పిలిపించి తన బిల్లులో కలిపితే మేలు. కుదరకపోతే మనం కట్టి రీయింబర్స్‌మెంటు అడగాలి. అందుకు జీఎస్టీ బిల్లుతో పాటు, పని మొదలవక ముందే సర్వేయరు ఒప్పుకున్నట్టు మెయిలు ఉండాలి. నోటిమాట నమ్ముకుంటే డబ్బు ఇరుక్కుంటుంది.

పనితనం రూఫు మీదే బయటపడుతుంది. సన్ వైజర్లు, హ్యాండిళ్లు, రూమ్ లైటు, పిల్లర్ ట్రిమ్ములు విప్పి లోపలి లైనింగు దించాలి. రూఫు పక్క అంచుల్లో దాగి ఉండే కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న కారైతే బ్యాటరీ నెగటివ్ తీసి, కాసేపు ఆగాకే ట్రిమ్ముల మీద చెయ్యి వేయాలి. ఆ క్లిప్పుల్లో కొన్ని ఒకసారి విప్పితే మళ్లీ గట్టిగా పట్టవు. కొత్తవి ఎస్టిమేటులో రాయించకపోతే గతుకుల రోడ్డు మీద కిరకిర మొదలవుతుంది. రూఫు కింద అడ్డంగా పోయే పట్టీల పైన పడ్డ సొట్టకు రాడ్డు అందదు. అక్కడ పైనుంచి గ్లూతో ప్లాస్టిక్ ట్యాబు అంటించి లాగాలి, లేచిన అంచును ప్లాస్టిక్ మొనతో తట్టి దించాలి. ఫ్యాక్టరీ రంగు ఈ లాగుడుకు తట్టుకుంటుంది. ఇదివరకే రంగు వేయించిన ప్యానెలైతే గ్లూతో పాటు రంగూ ఊడి రావచ్చు. ఇవాళ అనవసరంగా రంగు కొట్టిస్తే రేపటి వడగళ్లకు ఈ దారి మూసుకుపోయినట్టే. బానెట్టు అంచులో రేకు మడత ఉంటుంది కాబట్టి అక్కడి సొట్ట పూర్తిగా పోవడం అరుదు. అల్యూమినియం బానెట్టును వేడి చేస్తూ నిదానంగా నెట్టాలి, తొందరపడితే పగులుతుంది. రంగు పగిలిన సొట్టకు పీడీఆర్ అడగడమే అనవసరం. రాడ్డు అందడం లేదని లోపలి ఫ్రేముకు డ్రిల్లు పెడతామంటే వద్దనండి, తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది.

తీసిన సొట్టలు ఎండకు మళ్లీ తేలతాయన్నది ఉత్త భయం. మా రూఫు మీద తిరిగి వచ్చినది ఒక్కటీ లేదు. ఎక్కువ నెట్టడం వల్ల మిగిలిన చిన్న బొడిపెలు ట్యూబ్‌లైటు కింద మాత్రమే కనిపిస్తాయి, పట్టీ మీది ఒక సొట్ట పూర్తిగా లేవలేదు. అర మార్కు తగ్గించింది అందుకే. ఫెండరు మొదట్లో బాగానే ఉండేది. తర్వాత పుట్టీ కుదించుకుపోయి, ఎమరీ పేపరు గీతలు క్లియర్ కోటు (రంగు పైన వేసే పారదర్శక పొర) కింద తేలాయి. సిల్వర్ రంగు కావడంతో పక్కనుంచి చూస్తే ఫెండరు ఒక కారుది, బానెట్టు ఇంకో కారుది. డోరు బీడింగు విప్పకుండా టేపు అంటించి రంగు కొట్టిన చోట అంచు పొరగా లేచింది. ఫ్యాక్టరీ రంగు మందం 100 మైక్రాన్లకు కాస్త అటూఇటూ ఉంటుంది, పుట్టీ పెట్టిన చోట 500 సులువుగా దాటుతుంది. పాత కార్లు కొనేవాళ్లు ఇప్పుడు ఆ మందం కొలిచే మీటరు పట్టుకునే వస్తున్నారు. ఆ అంకె చూశాక వడగళ్లే అని ఎంత చెప్పినా యాక్సిడెంటు కారు కిందే బేరమాడతారు.

విడిభాగాల తరుగుదల కోత లేకుండా చేసే జీరో డెప్ కవరు లేకపోతే బిల్లు లెక్క ముందే వేసుకోవాలి. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం కోత, గాజుకు లేదు. రేకు భాగం మారిస్తే కారు వయసు మూడు దాటి నాలుగేళ్ల లోపైతే 25 శాతం, ఐదేళ్ల లోపైతే 35, పదేళ్ల లోపైతే 40 కోస్తారు. లేబరుకు తరుగుదల ఉండదు, పీడీఆర్ దాదాపు అంతా లేబరే. పెయింటింగ్ బిల్లు గంపగుత్తగా ఇస్తే అందులో 25 శాతాన్ని మెటీరియలుగా లెక్కగట్టి దానికి సగం తీసేస్తారు: ₹20,000 బిల్లుకు ₹2,500.

డెలివరీ రోజు సంతృప్తి పత్రం మీద సంతకానికి తొందరపెడతారు. ముందు ఇంజిను ఆన్ చేసి ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి ఆరిందో లేదో చూడండి. రూమ్ లైటు, సన్ వైజర్లు కదిపి చూడండి. అద్దం గానీ రూఫు గానీ మార్చి ఉంటే పైపుతో పది నిమిషాలు నీళ్లు పట్టించి, పిల్లర్ల కింద కార్పెట్ తడిమి చూడండి. తర్వాత అదే ట్యూబ్‌లైటు, ప్యానెలు వారీగా రాసుకున్న అదే లెక్క. తీయని సొట్ట కనిపిస్తే అక్కడే మైనపు పెన్సిలుతో చుట్టి, ఫోటో తీసి, జాబ్ కార్డు మీద రాయించండి. సంతకం అయ్యాక అడిగితే అది కొత్త సొట్ట అంటారు.