గోస్తనికి ఎదురు తొక్కుతూ: భీమిలి నుంచి అనంతగిరి దాకా

విశాఖలో సైకిలు తొక్కేవాళ్ళందరికీ తెల్లవారుజామున ఒకటే దారి, బీచ్ రోడ్డు. రుషికొండ దాకా వెళ్ళి, కొబ్బరి బోండాం తాగి వెనక్కి రావడం. నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను. ఇంకాస్త ఓపికుంటే భీమిలి. అంతకు మించి ఎవరైనా పోతున్నారంటే అరకు గాటీకే. మధ్యలో ఉన్న ఊళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరు.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట నిలబడి ఒకరోజు మా బావమరిది అడిగాడు, "బావా, ఈ ఏరు ఎక్కడి నుంచి వస్తోంది?" అనంతగిరి కొండల నుంచి, బొర్రా గుహల కింద నుంచి, తాటిపూడి జలాశయం మీదుగా అని చెప్పాను. "అయితే దీని వెంటే పోదాం" అన్నాడు. డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టి బయల్దేరాం. నాది సన్న టైర్ల రోడ్డు సైకిలు, వాడిది హైబ్రిడ్. ఒక్కొక్కరి వెనక ఐదారు కిలోల సంచి.

బీచ్ రోడ్డు గురించి ఎక్కువ చెప్పను. ఆరు లోపు బయల్దేరితే బాగుంటుంది, ఏడు దాటితే కార్లు. తొట్లకొండ మలుపు దగ్గర పైకి వెళ్ళి బౌద్ధ శిథిలాలు చూసి రావచ్చు, ఆ చిన్న ఎక్కుడు కాళ్ళని నిద్ర లేపుతుంది. ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి చేరి ఇడ్లీ తినేసరికి ఎనిమిదైంది. అక్కణ్ణుంచి తగరపువలస దాకా రోడ్డు రద్దీ. మూతపడిన చిట్టివలస జూట్ మిల్లు వైపు చూసుకుంటూ వంతెన దాటి, జాతీయ రహదారిని జాగ్రత్తగా అడ్డంగా దాటాం. ఆ ఒక్క కూడలి దగ్గర మాత్రం దిగి నడవండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఆ కూడలి దాటి పద్మనాభం రోడ్డెక్కాక హారన్లు ఆగిపోయాయి.

ఇక్కడి నుంచి జామి దాకా ఉన్న ముక్క గురించే నిజానికి ఈ రాతంతా. రోడ్డు వెడల్పు అంతంతమాత్రం, కానీ తారు బాగుంది. ఒక పక్క జీడితోటలు, తాటిచెట్లు, ఇంకో పక్క కోసిన వరిమళ్ళు. కల్లాల్లో కుప్పలు. అక్కడక్కడా రోడ్డు మీదే నూర్పు, దాన్ని చుట్టి వెళ్ళాలి, లేదంటే గడ్డి చైనుకి చుట్టుకుంటుంది. ఏరు ఎప్పుడూ కనిపించదు. ఒకచోట ఇసుక, ఒకచోట చెరువు గట్టు చాటున నీళ్ళ మెరుపు, అంతే. కానీ అది ఉందని కాళ్ళకి తెలుస్తుంది. నదికి ఎదురు పోతున్నాం కాబట్టి దారంతా కంటికి కనపడని మెరక. సమంగా ఉన్నట్టే ఉంటుంది, వేగం మాత్రం 22 దాటదు. మొదట నా సైకిలు బ్రేకు పట్టేస్తోందేమో అని దిగి చూసుకున్నాను కూడా.

పద్మనాభంలో కొండ కింద కుంతీమాధవ స్వామి గుడి, పైన అనంతపద్మనాభుడు. వెయ్యికి పైగా మెట్లు. సైకిలు బూట్లతో ఎక్కే పని కాదు కాబట్టి కింద నుంచే దణ్ణం పెట్టాం. 1794 జులై 10న ఈస్టిండియా కుంపినీ సేనతో పోరాడి విజయనగరం రాజు చిన విజయరామరాజు చనిపోయింది ఇక్కడే. చిన్నప్పుడు బడిలో ఒక పేరాగా చదివిన పద్మనాభ యుద్ధం. కొండని, దాని ముందున్న పొలాల్ని చూశాక గాని ఆ యుద్ధానికి ఒక చోటు ఉందని నాకు తట్టలేదు.

పంక్చరూ అక్కడే. తుమ్మముల్లు. ట్యూబు మార్చాను గాని గాలి కొట్టడం దగ్గర చిక్కు వచ్చింది. నా చేతిపంపు గొట్టం పగిలిపోయి ఉంది. సైకిలు షాపాయన పంపు తెచ్చి, నా ట్యూబు కేసి చూసి, "ఇదేటి బాబూ, వాల్వు ఇంత సన్నంగా ఉంది?" అన్నాడు. సన్న వాల్వుకి మామూలు పంపు పట్టాలంటే చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి ఉండాలి. దాని ఖరీదు ఒక టీ డబ్బులు. అది ఇంట్లో డ్రాయరులో ఉంది! చివరికి బావమరిది పంపుతో అరగంట కొట్టుకున్నాం. పల్లెల మీదుగా పోయేవాళ్ళు తిండి మర్చిపోయినా పరవాలేదు, అడాప్టరు మర్చిపోకండి.

తిండికి లోటు లేదని ఎందుకన్నానంటే, జామి దగ్గర టీ బడ్డీలో పకోడీ అడిగితే ముందు చోడి అంబలి, అంటే రాగి జావ, ఇచ్చారు. ఎండలో తొక్కేవాడికి దానికంటే మంచిది లేదు, ఉప్పూ ఉంటుంది, కడుపూ నిండుతుంది. బల్ల మీద కూర్చున్న ముసలాయన మా హెల్మెట్లు చూసి అడిగాడు.

"ఎక్కడి నుంచి వస్తన్నారు బావూ?"

"విశాపట్నం నుంచి తాతా."

"ఏటి, బస్సుల్లేవా?"

బావమరిది నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. గాటీ ఎక్కబోతున్నామని ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మొదటి రాత్రి శృంగవరపుకోటలో. ఆ రోజు 80 కిలోమీటర్ల పైచిలుకు. ఎస్.కోటలో లాడ్జీలంటే పెళ్ళిళ్ళకి వచ్చేవాళ్ళ కోసం, మెడికల్ రిప్రజెంటేటివుల కోసం కట్టినవి. మేం దిగినది 800 రూపాయలు, దుప్పట్లు శుభ్రం, దోమలు ధారాళం. సైకిళ్ళు కిందే పెట్టమన్నారు. ఒప్పుకోలేదు. మేనేజరు కాసేపు గొణిగి, టైర్లు తుడిచి తెచ్చుకోమన్నాడు. రెండో అంతస్తు దాకా మోసుకెళ్ళాం. గది తీసుకునే ముందే ఈ మాట అడిగేయడం మేలు, డబ్బు కట్టాక అడిగితే బేరం వాళ్ళ చేతిలో ఉంటుంది. ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్స్ దగ్గర టిఫిన్లు తెల్లవారకముందే మొదలవుతాయి, అది సైకిలు వాళ్ళకి పెద్ద సుఖం.

రెండో రోజు తప్పు చేశాం. సంచులు లాడ్జిలో పెట్టి పొద్దున్నే తాటిపూడి వెళ్ళాం. అది తప్పు కాదు. మూడు వైపులా కొండలు, మధ్యలో గోస్తని ఆగి వెడల్పైన చోటు. గట్టు మీద మేం, మేకలు, ఇంకెవరూ లేరు. ఈ నీళ్ళే పైపుల్లో విశాఖకి వస్తాయి, మా ఇంటి కుళాయిలో కూడా వీటి వాటా ఉండే ఉంటుంది. గంటన్నర కూర్చుండిపోయాం. అక్కడే తప్పు జరిగింది. వెనక్కి వచ్చి సంచులు కట్టుకుని బొడ్డవర దాటేసరికి పదకొండు. గాటీ మొదలయ్యే వేళకి ఎండ నడినెత్తిన, విశాఖ కార్లన్నీ మా వెనక.

అరకు గాటీ మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. అందం ఉంది, కాదనను. నిశ్శబ్దం లేదు. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో అది ట్రాఫిక్ రోడ్డే. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా పైకి, సాయంత్రం నాలుగు నుంచి చీకటి దాకా కిందికి వాహనాల వరస. పైగా దీన్ని 516ఈ జాతీయ రహదారిగా వెడల్పు చేసే పనులు. మేం వెళ్ళినప్పుడు కొన్ని చోట్ల కంకర, దుమ్ము. వెళ్ళేదుంటే వారం మధ్యలో వెళ్ళండి, ఆరింటికల్లా ఎక్కుడు మొదలుపెట్టండి.

ఎక్కుడు మరీ భయపెట్టేదేం కాదు, పొడుగెక్కువ. నా సైకిలుకి చైను తిరిగే పళ్ళ చక్రాల్లో ముందు చిన్నది 34 పళ్ళు, వెనక పెద్దది 32. సంచి బరువుతో అది అంచుకి సరిపోయింది. వెనక 28తో వచ్చేవాళ్ళు కొన్ని మలుపుల్లో దిగి తోస్తారు. మలుపులో లోపలి అంచు మరీ నిటారు, ఎదురు ఏమీ రావడం లేదని తేలితే కొంచెం బయటి వైపుగా తిరిగితే మోకాళ్ళు బతుకుతాయి. ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. కాశీపట్నంలో నీళ్ళు నింపుకోండి.

టైడాలో ఆగిపోవాలన్న నిర్ణయం ఒక్కటే ఆ రోజు చేసిన మంచి పని. టూరిజం వాళ్ళ జంగిల్ బెల్స్‌లో అడవి మధ్య చెక్క కాటేజీలు. గదిలో ఏముంది ఏం లేదు అన్నది నాకు గుర్తు లేదు, సాయంత్రం ఐదు దాటాక కార్ల మోత తగ్గి పిట్టలు మొదలవడం గుర్తుంది. రాత్రి కొండవాలున కేకే లైను (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) మీద గూడ్సు బండి కూత, సొరంగంలోకి వెళ్ళగానే తెగిపోవడం, మళ్ళీ ఇంకో వైపు నుంచి వినపడడం. ఎక్కుణ్ణి రెండు ముక్కలు చేయడానికి ఇంతకంటే మంచి మజిలీ ఆ దారిలో లేదు. ముందుగా ఫోన్ చేసి గది ఉందో లేదో కనుక్కోవాలి.

మూడో రోజు ఆరింటికే రోడ్డెక్కాం. డముకు వ్యూ పాయింటు దగ్గర మంచు కింద లోయ, మా ఇద్దరికీ తప్ప ఎవరికీ కాదన్నట్టు. మొదటి కారు ఎనిమిదిన్నరకి గాని మమ్మల్ని దాటలేదు. నిన్నటి రోడ్డేనా ఇది అనిపించింది.

బొర్రాకి మెయిన్ రోడ్డు వదిలి కిందికి దిగాలి. దిగినంతా మళ్ళీ ఎక్కాలని గుర్తుంటే ఆ దిగుడు పెద్దగా ఆనందం ఇవ్వదు. గుహలు తెరిచేది పదింటికి. మేం ముందే చేరి బొంగు చికెన్ కాల్చేవాళ్ళ పొగలో కూర్చున్నాం. సున్నపురాతి గుహ, లోపల పైనుంచి వేలాడే రాళ్ళు ఆవు పొదుగులా ఉంటాయని, అందుకే ఆ ఏటికి గోస్తని అని పేరని చెబుతారు. గుహలో లైట్లు రంగురంగులు, నాకు నచ్చలేదు. కింద ఎక్కడో నీటి చప్పుడు వినిపించింది, అది చాలు. భీమిలిలో ఇసుక మేటలేసి సముద్రంలో కలిసేది ఇదే.

అనంతగిరిలో రాత్రి ఒక ప్రైవేటు బసలో ఉన్నాం. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు అన్నారు. వచ్చింది ఒక బకెట్టు, అదీ పొద్దున ఏడింటికి. వెయ్యి మీటర్ల ఎత్తులో డిసెంబరు చలి అంటే ఏమిటో ఆ రాత్రి తెలిసింది. ఒకరి దుప్పటి ఒకరు లాక్కున్నాం. రెండువేలు పెట్టిన గదికంటే 800 గదే నయమనిపించింది, దోమలతో సహా. కానీ పొద్దున వాకిట్లో సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద ఎర్రగా పండిన కాఫీ కాయలు చూసి కోపం సగం తగ్గింది. వలిసె పూలు చూడాలంటే ఇంకా ముందుకి, అరకు వైపు పోవాలి. మా ఏరు అటు లేదు. పోలేదు.

నాలుగో రోజు దిగుడులో చేతులు నొప్పి పుట్టాయి. రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచుని రబ్బర్లతో పట్టేవి, ఉన్నవాళ్ళు ఊరికే పట్టుకుని దిగకూడదు, ముందుదీ వెనకదీ మార్చి మార్చి వాడాలి, మధ్యలో ఆగి చల్లారనివ్వాలి. నేను రెండుసార్లు ఆగాను, అయినా ఎస్.కోట చేరేసరికి వెనక బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము గీసుకుంటోంది. నా మోడల్‌వి అక్కడ దొరకలేదు. ఒక కుర్రాడు మామూలు సైకిలు రబ్బర్లు కోసి, అరగదీసి బిగించి 60 రూపాయలు తీసుకున్నాడు. ఇల్లు చేరేదాకా పని చేశాయి.

తొందరపడి కొత్తవలస, పెందుర్తి రోడ్డున వచ్చాం. లారీలు, ఆటోలు, దుమ్ము. దూరం తగ్గించుకోబోయి రెండు గంటలు టెన్షన్ కొని తెచ్చుకున్నాం. మళ్ళీ వెళ్తే జామి, పద్మనాభం మీదుగానే వెనక్కి రావాలని ఇద్దరం పెందుర్తి దగ్గరే అనుకున్నాం. ఏటి వాలున తొక్కితే ఆ కనపడని మెరక అంతా పల్లమే కదా. బావమరిదైతే అసలు గాటీ వద్దంటున్నాడు, తాటిపూడి గట్టు దాకా వెళ్ళి తిరిగొస్తే చాలట. ఫిబ్రవరిలో ఒక తారీఖు కూడా చెప్పాడు. నేను ముందు పంపు గొట్టం కొనాలి.