ఫైనాన్స్ పీజీ తరగతికి సీఎఫ్ఏ నీతి ప్రమాణాల పుస్తకం సరిపోతుందా?

ఫైనాన్స్‌లో పీజీ చేసేవాళ్లకు వృత్తి నీతినీ, వృత్తి నైపుణ్యాలనీ కలిపి ఒక పేపర్‌గా బోధించాల్సి వస్తే చేతికి సులువుగా అందే సామగ్రి, పెట్టుబడి రంగంవాళ్లకు సీఎఫ్ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) పరీక్షలు పెట్టే సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూట్ వారి ‘స్టాండర్డ్స్ ఆఫ్ ప్రాక్టీస్ హ్యాండ్‌బుక్’. వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. సవరించిన ప్రమాణాలు 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి కాబట్టి పాత ప్రతులు పక్కన పెట్టేయాలి. పరీక్షకు ఇది ఎలా ఉపయోగపడుతుందన్న సంగతి వదిలేద్దాం. సెమిస్టర్ పొడవునా దీని మీద క్లాసు నడిపితే ఏం ఒరుగుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

పుస్తకంలో ప్రమాణాలు 7 భాగాలుగా ఉంటాయి: వృత్తి నిబద్ధత, మార్కెట్ల నిజాయితీ, క్లయింట్ల పట్ల బాధ్యత, పనిచేసే సంస్థ పట్ల బాధ్యత, విశ్లేషణ–సిఫారసులు, ప్రయోజనాల ఘర్షణ (సొంత లాభం క్లయింట్ లాభానికి అడ్డుపడటం), సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూట్ సభ్యులుగా, అభ్యర్థులుగా ఉన్నవాళ్ల బాధ్యతలు. ప్రతి నియమానికీ ముందు వివరణ, తర్వాత దాన్ని పాటించడానికి ఆఫీసులో పెట్టుకోవాల్సిన పద్ధతులు, ఆ తర్వాత చిన్నచిన్న ఉదాహరణలు, ఒక్కొక్క ఉదాహరణ కింద వ్యాఖ్య. అసలు సంపద ఈ ఉదాహరణల్లోనే ఉంది. షేర్ల ఇష్యూకి డిమాండ్ ఎక్కువై అడిగినన్ని రాకపోతే ఎవరికి ఎన్ని పంచాలి, బ్రోకరేజీ చెల్లించినందుకు బ్రోకర్ ఇచ్చే రీసెర్చ్ ఎవరి సొత్తు, కంపెనీ ఖర్చుతో ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్లిన అనలిస్ట్ రిపోర్ట్‌ను ఎంతవరకు నమ్మాలి వంటి రోజువారీ చిక్కులన్నీ వీటిలో కనిపిస్తాయి.

క్లాసులో అన్నిటికంటే బాగా పండేది రెండో భాగం. బయటికి రాని కీలక సమాచారంతో ట్రేడ్ చేయకూడదన్న నియమం అందరికీ తెలుసు. గీత ఎక్కడ పడుతుందో తెలియదు. ఒక అనలిస్ట్ ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీలు లెక్కపెట్టి, ఫలితాలు చదివి, డీలర్లతో మాట్లాడి అమ్మకాలు తగ్గుతున్నాయని తేల్చితే తప్పు లేదు. దీన్నే మొజాయిక్ సిద్ధాంతం అంటారు: బహిరంగ సమాచారానికి, బయటికి రాకపోయినా విడిగా చూస్తే ప్రాధాన్యం లేని ముక్కలను కలిపి సొంత నిర్ణయానికి రావడం. అదే కంపెనీ అకౌంట్స్ ఉద్యోగి ఇంకా ప్రకటించని లాభం అంకె చెబితే గీత దాటినట్టే. ఈ రెంటి మధ్యలో ఒక మెట్టు పెట్టండి: ఫైనాన్స్ డైరెక్టర్ కాఫీ తాగుతూ ‘ఈ క్వార్టర్ మీద పెద్దగా ఆశలు పెట్టుకోకండి’ అన్నాడు. క్లాసు రెండుగా చీలుతుంది. గంట వాదించినా సమయం వృథా కాదు.

నైపుణ్యాల వైపు నుంచి చూస్తే ఐదో భాగం ఎక్కువ విలువైనది. రిపోర్ట్‌లో వాస్తవాన్నీ అభిప్రాయాన్నీ విడదీసి చూపాలంటుంది. విద్యార్థి రాసిన రెండు పేజీల రిపోర్ట్‌నే అతనికి ఇచ్చి వాస్తవాల కింద నీలం గీత, అభిప్రాయాల కింద ఎర్ర గీత గీయమనండి. వచ్చే ఏడాది అంచనా లాభం కింద చాలామంది నీలం గీస్తారు. ఎక్సెల్ గడిలో అంకెగా కూర్చుంది కాబట్టి వాస్తవంలా కనిపిస్తుంది! ఈ ఒక్క అభ్యాసం మూడు లెక్చర్ల పెట్టు.

పుస్తకం ఎక్కడ ఆగిపోతుందంటే, తప్పును గుర్తుపట్టడం దగ్గర. సీఎఫ్ఏ మొదటి స్థాయి పరీక్షలో 180 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 ఆప్షన్లు, అందులో నీతి వాటా 15–20 శాతం. ఆ తయారీకి అలవాటుపడ్డ విద్యార్థి ఏ చిక్కు వచ్చినా ‘వెల్లడిస్తే చాలు’ అంటాడు. చాలదు. కొన్ని ఘర్షణల నుంచి తప్పుకోవాల్సిందే. ఆరో భాగంలోని మొదటి నియమానికి పాత పేరు ఘర్షణల వెల్లడి. కొత్తదాంట్లో ‘తప్పించుకో, లేదా వెల్లడించు’ అన్న అర్థం వచ్చేలా మార్చారు. ఈ పాత, కొత్త వాక్యాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే వివరణతో పని ఉండదు.

పై అధికారి ‘పోనివ్వు’ అన్నప్పుడు నోరు ఎలా తెరవాలో మాత్రం ఏ వ్యాఖ్యా నేర్పదు. సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే నిర్ణయ చట్రంలో గుర్తించు, ఆలోచించు, నిర్ణయించి అమలుచెయ్యి, తర్వాత వెనక్కి తిరిగి చూడు అన్న దశలున్నాయి. అమలు దగ్గరే విద్యార్థి తడబడతాడు. కాబట్టి ఉదాహరణ కింద వ్యాఖ్య కత్తిరించేసి ఇవ్వాలి. 90 నిమిషాల క్లాసుకు ఈ పంపకం పనిచేస్తుంది: 10 నిమిషాలు చదవడం, 15 నిమిషాలు ఒంటరిగా రాయడం (ఎవరికి లాభం, ఎవరికి నష్టం, నాకింకా తెలియనిదేమిటి), 30 నిమిషాలు ముగ్గురేసి జట్లుగా అధికారి, జూనియర్, పరిశీలకుడి పాత్రలు పదేసి నిమిషాలకు మారుస్తూ సంభాషణ, 20 నిమిషాలు అధికారికి 150 పదాల ఈమెయిల్, చివరి 15 నిమిషాల్లో పుస్తకంలోని వ్యాఖ్య. ముందే వ్యాఖ్య చూపితే అందరూ దానికి తగ్గట్టే ఆలోచిస్తారు, అభ్యాసం చచ్చిపోతుంది.

అధికారి పాత్ర వేసేవాళ్లు విలన్‌లా అరిస్తే కూడా అంతే. జూనియర్ మీద అభిమానం ఉన్న మంచి మనిషిలా మాట్లాడాలి: ‘అందరూ చేసేదే కదా’, ‘కంప్లయన్స్ వాళ్లు చూసుకుంటారు’ (కంప్లయన్స్ అంటే నియమాల అమలు చూసే విభాగం), ‘ఈ ఒక్కసారికి సర్దుకో’. నిజంగా లొంగదీసేవి ఈ మెత్తటి మాటలే. ఈమెయిళ్లలో మామూలుగా కనిపించే లోపాలు మూడు: అధికారి ఉద్దేశాన్ని అనుమానించడం, ఏ లావాదేవీ గురించో చెప్పకపోవడం, బదులుగా ఏం చేయవచ్చో సూచించకపోవడం. తేదీ, ఖాతా, మొత్తం, వర్తించే నియమం, ప్రత్యామ్నాయం ఉన్న ఈమెయిల్‌ను పక్కన పెట్టేయడం ఏ అధికారికైనా కష్టం. అయినా ఆగకపోతే ఆ పని నుంచి తప్పుకోవాలని మొదటి భాగం చెబుతుంది: రిపోర్ట్‌లో పేరు తీసేయించుకోవడం, వేరే పని అడగడం, మరీ తప్పకపోతే ఉద్యోగం వదలడం.

ఇంకో లోటు ఉంది. ఉదాహరణల్లో ఎక్కువ భాగం ఒక వ్యక్తి, ఒక తప్పు చుట్టూ తిరుగుతాయి. అమెరికా బ్యాంకు వెల్స్ ఫార్గోలో ఖాతాదారులకు తెలియకుండా ఖాతాలు తెరిచిన వ్యవహారానికి 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అక్కడ నడిపించింది అమ్మకాల టార్గెట్ల ఒత్తిడి. నాలుగో భాగంలో పర్యవేక్షకుల బాధ్యత దగ్గర ఈ ప్రోత్సాహకాల మాట వస్తుంది కానీ కొద్దిగానే. ఈ కేసు అధ్యాపకులే విడిగా చేర్చుకోవాలి.

మార్కుల్లో వాస్తవాలు వెలికితీసినందుకు 5, ఎవరెవరికి నష్టమో గుర్తించినందుకు 3, నియమానికి 4, ఈమెయిల్‌కు 8 ఇస్తే విద్యార్థి శ్రద్ధ సరైన చోటికి వెళ్తుంది. నియమం నంబరుకే మార్కులన్నీ ఇస్తే కంఠస్థం చేసినవాడే గెలుస్తాడు. ఏడో భాగం సీఎఫ్ఏ సభ్యులకు, అభ్యర్థులకు మాత్రమే కాబట్టి వదిలేయొచ్చు. విశ్లేషణకు ఆధారమైన రికార్డులు దాచే నియమాన్ని మాత్రం వదలొద్దు. వేరే చట్టం ఏదీ చెప్పనప్పుడు కనీసం 7 ఏళ్లు దాచమంటుంది హ్యాండ్‌బుక్. ప్రతి అసైన్‌మెంట్‌తో పాటు అంకె ఎక్కడినుంచి తెచ్చారో రాసిన వర్కింగ్ ఫైల్ కూడా అడగండి, అది లేని రిపోర్ట్ తీసుకోకండి.